అగ్గిపెట్టెలో రోడ్డు రోలరు



ఇవాళ్టి మాటలు ఒక అగ్గిపెట్టె గురించి. ఆ అగ్గిపెట్టెలో పట్టిన బండి గురించి. ఆ తర్వాత ఇంట్లో పడి ఉన్న అట్టముక్కతో, తెగిపోయిన చెప్పుతో ఒక బస్సు కట్టడం గురించి. అది మామూలు బస్సు కాదు, కోడిపెట్ట బస్సు. దాని సంగతి నిదానంగా చెప్పుకుందాం.

ముందు అగ్గిపెట్టె కథ.

ఇంగ్లండు దేశంలో లండన్ అనే పెద్ద పట్నం ఉంది. 1947లో అక్కడ ఇద్దరు స్నేహితులు ఒక చిన్న కార్ఖానా పెట్టారు. ఒకాయన లెస్లీ స్మిత్, ఇంకొకాయన రాడ్నీ స్మిత్. ఇంటిపేరు ఒకటేగానీ చుట్టాలు కారు. ఇద్దరి పేర్లలోని ముక్కలు కలిపి కార్ఖానాకు లెస్నీ అని పేరు పెట్టారు. మూతపడిన ఒక మందు దుకాణంలో పని మొదలుపెట్టారు. మందు దుకాణం పోయి బొమ్మల కార్ఖానా వచ్చిందంటే మన ఆడవాళ్లకు నచ్చే సంగతే గదా!

వాళ్లతో జాక్ ఓడెల్ అనే మనిషి చేరాడు. చిన్నప్పుడే ఆయన బడి చదువు ఆగిపోయింది. కానీ చేతిపనిలో గట్టివాడు. లోహం కరిగించి అచ్చుల్లో పోయడం ఆయన పని.

ఆయనకు ఒక కూతురు. ఆ పిల్ల చదివే బడిలో ఒక కట్టుబాటు ఉండేది. పిల్లలు ఇంటి నుంచి బొమ్మలు తెచ్చుకోవచ్చు. కానీ ఆ బొమ్మ అగ్గిపెట్టెలో పట్టాలి. అంతకన్నా పెద్దది తేకూడదు. ఆ గడుగ్గాయి ఏం చేసేదట? అగ్గిపెట్టెలో సాలెపురుగులు పెట్టుకుని బడికి పోయేదట!

తండ్రి ఆలోచించాడు. 1952లో ఇత్తడితో ఒక బుల్లి రోడ్డు రోలరు చేశాడు. మన ఊళ్లో తారురోడ్డు వేసేటప్పుడు గడగడమంటూ వచ్చేదే, ఆ రోలరు. గదంత ఉండే బండి రెండంగుళాల డబ్బాలో కూర్చుంది. చక్రాలు తిరిగాయి కూడా.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆడపిల్ల ఆడుకోవడానికి తండ్రి ఏం చేసిచ్చాడు? రోడ్డు రోలరు. మన ఇళ్లలో ఆడపిల్లకు లక్కపిడతలు కొంటాం. బండి మగపిల్లాడికి కొంటాం. ముంజలు తిన్నాక మిగిలిన తాటికాయలు రెండు తెచ్చి, నడుమ పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ వీధంతా తిరిగేదీ మగపిల్లాడే. అక్క అరుగు మీద కూర్చుని చూస్తుంది. చక్రం ఎట్లా తిరుగుతుందో తెలుసుకునే వీలు ఆ పిల్లకు ఎప్పుడొస్తుంది?

సరే, కథలోకి వద్దాం. ఆ బుల్లి రోలరును చూసి బడిలో మిగతా పిల్లలూ కావాలన్నారు. మరుసటి ఏడాది, 1953లో, కార్ఖానావాళ్లు అట్లాంటి చిన్న బండ్లు చేసి అమ్మడం మొదలుపెట్టారు. నిజంగానే అగ్గిపెట్టెలాంటి డబ్బాలో పెట్టి అమ్మారు. వాటి పేరు కూడా మ్యాచ్‌బాక్స్, అంటే అగ్గిపెట్టె. అదే ఏడాది ఇంగ్లండు రాణి పట్టాభిషేకం జరిగింది. రాణి ఎక్కిన గుర్రపు బండికి చిన్న నమూనా చేశారు. అది పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. లెస్నీ కంపెనీ 1982లో దివాలా తీసింది. కానీ మ్యాచ్‌బాక్స్ పేరుతో బొమ్మబండ్లు ఆ తర్వాత కూడా వచ్చాయి.

ఆ బండ్లలో ఒక తమాషా ఉంది. రోడ్డు రోలరూ డబ్బాలో పట్టాలి. రెండంతస్తుల బస్సూ అదే డబ్బాలో పట్టాలి. అసలు బస్సు రోలరుకన్నా ఎంత పెద్దది! డబ్బాలో మాత్రం రెండూ ఇంచుమించు ఒకటే. పక్కపక్కన పెడితే రోలరు బస్సంత కనబడుతుంది. విడిగా చూస్తే రెండూ ముద్దుగానే ఉంటాయి. అంటే వాళ్లు డబ్బా కొలతను పట్టుకున్నారు, బండి కొలతను వదిలేశారు.

రెండో పద్ధతి ఇంకొకటి ఉంది. ముందే ఒక లెక్క అనుకోవాలి. ‘అసలు బండిలో ఒక అడుగు, బొమ్మలో ఇంత’ అని. ఆ లెక్క చివరిదాకా తప్పకూడదు. ఇంగ్లండులోనే విండ్సర్ కోటలో ఒక బొమ్మరిల్లు ఉంది. 1924లో పూర్తయింది. రాణి మేరీ కోసం కట్టారు. దాని లెక్క అడుగుకు అంగుళం. ఇంట్లో కుర్చీ, మంచం, గిన్నె, షెడ్డులో కార్లు అన్నీ అదే లెక్క. కుళాయి తిప్పితే నీళ్లు వచ్చేవి! ఆ ఇంటికి ప్లాను గీసిన లుట్యెన్స్ అనే ఆయనే మన ఢిల్లీలో రాష్ట్రపతి భవనానికీ ప్లాను గీశాడు.

అడుగుకు అంగుళం చొప్పున మన బస్సు కడితే ఏమవుతుంది? పల్లెవెలుగు బస్సు పొడవు సుమారు 36 అడుగులు. అంటే బొమ్మ 36 అంగుళాలు, మూడడుగులు. అంత అట్ట ఎక్కడ తెస్తాం? ఎక్కడ పెడతాం? అందుకని మన లెక్క అడుగుకు పావు అంగుళం అనుకుందాం. నాలుగడుగులకు ఒక అంగుళం అన్నమాట.

ఇప్పుడు టేపు తియ్యాలి. దర్జీ టేపు అయినా సరే, పిల్లల స్కేలు బద్ద అయినా సరే. అంకెలు నేర్చుకున్నవాళ్లు కూడా టేపు దగ్గర తడబడుతుంటారు. అంకెల మధ్య ఉన్న చిన్న గీతలే అందుకు కారణం. అంగుళానికీ అంగుళానికీ నడుమన ఒక గీత కాస్త పొడుగ్గా ఉంటుంది. అది అర. అరకు ఈ పక్క పావు, ఆ పక్క ముప్పావు. ఈ బస్సుకు ఈ మూడు గీతలు చాలు. మిగతా గీతలను ప్రస్తుతానికి వదిలెయ్యవచ్చు.

లెక్క వేద్దాం. బస్సు పొడవు 36 అడుగులు. నాలుగుతో భాగిస్తే 9 అంగుళాలు. సరిగ్గా జానెడు! వెడల్పు సుమారు 8 అడుగులు. అంటే 2 అంగుళాలు. నేల నుంచి పైకప్పు దాకా సుమారు 10 అడుగులు. అంటే రెండున్నర అంగుళాలు. అయిదడుగుల ఆడమనిషి ఈ బస్సు పక్కన నిలబడితే ఒకటింపావు అంగుళం ఉంటుంది.

చక్రాలకు సోడా మూతలు పెడదామని అందరికీ తోస్తుంది. పెట్టవద్దు. సోడా మూత వెడల్పు ఒకటింపావు అంగుళం దాకా ఉంటుంది. ఆ లెక్కన చక్రం అయిదడుగులు. ఇందాకటి ఆడమనిషి అంత ఎత్తు! అట్లాంటి బస్సు ఎక్కడన్నా చూశామా? నిజం బస్సు చక్రం మూడడుగులకు కాస్త పైన. మన లెక్కలో ముప్పావు అంగుళానికి కాస్త పైన. ఆ కొలత ఎక్కడ దొరుకుతుంది? కొంగుముడి విప్పి చూస్తే చాలు. ఇప్పటి రూపాయి బిళ్ల దాదాపు అంతే ఉంటుంది. బిళ్ల పెట్టి చుట్టూ గీత గీస్తే చక్రం వచ్చినట్టే.

ఈ లెక్క బొమ్మలకే కాదు. ఇంటి ప్లానుకూ ఇదే లెక్క. ప్లాను కాగితం మూలన ‘ఇన్ని అడుగులకు ఇంత’ అని రాసి ఉంటుంది. ఎక్కువ ఇళ్లలో ఆ కాగితం మేస్త్రీ చేతిలో ఉంటుంది, లేకపోతే ఇంటాయన చేతిలో ఉంటుంది. వంట చేసే మనిషి చేతికి రాదు. గోడలు లేచాక చూస్తే వంటగదిలో పొయ్యి దగ్గర కూర్చుంటే వెనక మనిషి నడవడానికి చోటుండదు. అప్పుడు అనుకుని ఏం లాభం? అడుగుకు పావు అంగుళం లెక్కన గీసిన ప్లానులో వంటగది 2 అంగుళాలు, ఒకటిన్నర అంగుళం ఉందనుకోండి. అంటే 8 అడుగులు, 6 అడుగులు. పునాది తవ్వకముందే నేల మీద ముగ్గుతో గీసి, అందులో కూర్చుని లేచి చూసుకోవచ్చు. చాలకపోతే అప్పుడే చెప్పవచ్చు.

మళ్లీ బస్సు దగ్గరికి పోదాం. చెప్పుల డబ్బా అట్ట ఒకటి కావాలి. పాత హవాయి చెప్పు ఒకటి, అయిపోయిన పెన్ను రీఫిలు ఒకటి, అగరుబత్తి పుల్లలు రెండు కావాలి. జిగురుకు మైదాపిండి ఉడికిస్తే చాలు. పురుగు పట్టకుండా కొందరు జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లల చేతికి వచ్చే వస్తువులో వెయ్యకూడదు.

అట్టను పొడవు 9 అంగుళాలు, వెడల్పు ఏడున్నర అంగుళాలు ఉండేట్టు కొయ్యాలి. వెడల్పు వైపు టేపు పెట్టి 2 దగ్గర, మూడున్నర దగ్గర, అయిదున్నర దగ్గర, 7 దగ్గర గీతలు గియ్యాలి. ఆ గీతల వెంట రీఫిలు మొనతో గట్టిగా నొక్కి గీస్తే అట్ట చక్కగా మడత పడుతుంది. మడిస్తే పొడుగాటి పెట్టె వస్తుంది. అడుగు 2 అంగుళాలు, గోడ ఒకటిన్నర, కప్పు 2, ఇంకో గోడ ఒకటిన్నర. మిగిలిన అర అంగుళం అంటించడానికి. అయితే అంటించకముందే కిటికీలు కొయ్యాలి. తర్వాత కొయ్యబోతే పెట్టె నలిగిపోతుంది. గోడలో కింద అర అంగుళం వదలాలి, పైన అర అంగుళం వదలాలి. నడుమ అర అంగుళంలో కిటికీలు వస్తాయి. ముందూ వెనకా మూయడానికి రెండంగుళాలు, ఒకటిన్నర ముక్కలు రెండు చాలు.

గోడ ఎత్తు ఒకటిన్నరే గదా, బస్సు ఎత్తు రెండున్నర గదా, మిగతా అంగుళం ఏమైందని అడగవచ్చు. మంచి ప్రశ్న. బస్సు ఎక్కేటప్పుడు మెట్లు ఎక్కుతాం గదా? బస్సు నేల మట్టం భూమికి నాలుగడుగుల పైన అనుకుని వేసిన లెక్క ఇది. ఆ నాలుగడుగులే మన అంగుళం. అందులోనే చక్రాలుంటాయి.

ఇప్పుడు చెప్పు. ఈ పనిలో అన్నిటికన్నా ముచ్చటైన భాగం ఇదే. బస్సుకు చక్రాలెన్ని? నాలుగు అంటారు చాలామంది. ఈసారి బస్సు ఆగినప్పుడు వెనక్కి పోయి చూడండి. వెనక ఒక్కో పక్క రెండేసి చక్రాలు జంటగా ఉంటాయి. ముందు రెండు, వెనక నాలుగు, మొత్తం ఆరు. అందుకే వెనక చక్రం మందంగా కనబడుతుంది. హవాయి చెప్పు అట్ట అర అంగుళం మందం ఉంటుంది. రెండు చక్రాల జంటకు అది సరిపోతుంది. మరి ముందు చక్రం అందులో సగమే ఉండాలి. దానికి కొత్తగా ఏదీ వెతకక్కర్లేదు. అదే చెప్పు మడమ దగ్గర అరిగి పలచబడి ఉంటుంది. మనం నడిచి నడిచి అరగదీసిన చోటే ముందు చక్రాలకు పనికొస్తుంది! రూపాయి బిళ్ల పెట్టి గీసి, కొత్త బ్లేడుతో కొయ్యాలి. ఒక్కసారే తెగాలని బలం పెట్టకూడదు. నాలుగైదు సార్లు తేలిగ్గా గీస్తే తెగుతుంది, చెయ్యీ తెగదు.

వెనక రీఫిలు ముక్క ఒక అంగుళం, ముందు ముక్క ఒకటిన్నర అంగుళం. ఎందుకట్లా? బస్సు వెడల్పు 2 అంగుళాలు. వెనక చక్రాలు అర, అర పోతే మిగిలేది ఒకటి. ముందు చక్రాలు పావు, పావు పోతే మిగిలేది ఒకటిన్నర. రుద్దుకోకుండా నూలుపోగంత తగ్గించుకోవాలి. రీఫిలు గొట్టాన్ని కడిగి ఆరబెట్టి అందులో అగరుబత్తి పుల్ల దూర్చాలి. వదులుగా తిరగాలి. బిగుతైతే పుల్లను బ్లేడుతో గీకాలి. పుల్ల రెండు కొసలకు చక్రాలు గుచ్చాలి. చక్రం నడిమధ్యలో గుచ్చకపోతే బస్సు కుంటుతుంది.

చెప్పు ముక్కలే ఇంకో రెండు కోసి బస్సు అడుగున అంటించి, వాటి మీద రీఫిలు గొట్టాలు అంటించాలి. ముందు నుంచి ఒకటిన్నర అంగుళం దగ్గర ముందు ఇరుసు. అక్కడి నుంచి నాలుగున్నర దగ్గర వెనక ఇరుసు. వెనక మిగిలేది మూడంగుళాలు. బస్సు వెనక భాగం చక్రాలు దాటి అంత పొడుగ్గా వేలాడుతుంది కాబట్టే, వెనక సీట్లో కూర్చుంటే గుంతల్లో మన నడుములు విరిగేది. గోడల కిందుగా అంగుళం వెడల్పు అట్టముక్కలు రెండు పక్కలా అంటించాలి. పావు అంగుళం గోడకు అతకాలి, ముప్పావు కిందికి వేలాడాలి. చక్రాల దగ్గర గుండ్రంగా కొయ్యాలి.

ఇంతవరకు మామూలు బస్సు. ఇక కోడిపెట్ట.

వింత బండి చెయ్యడానికి ఒక కిటుకు ఉంది. హైదరాబాదులో జంతుప్రదర్శనశాల దగ్గర, బహదూర్‌పురాలో, సుధాకర్ యాదవ్ గారు 2010లో ఒక కార్ల మ్యూజియం తెరిచారు. వంకాయ లాంటి కారు, ఆడవాళ్ల ఎత్తు మడమ చెప్పు లాంటి కారు, హ్యాండ్‌బ్యాగు లాంటి కారు ఆయన చేయించారు. పాత ఇనుము, పాత బండ్ల సామాన్లతో చేసినవే. 2005లో ఆయన చేసిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. నాలుగంతస్తుల మేడంత! దాన్ని నడిపి చూపించి గిన్నిస్ రికార్డు సంపాదించారు. ఆ వంకాయకు ఇంజనుంది, స్టీరింగు ఉంది, చక్రాలున్నాయి. కూర్చుని నడిపితే పోతుంది. అందుకే చూసినవాళ్లు నవ్వుతారు. కదలకుండా పడి ఉంటే అది పెద్ద వంకాయ బొమ్మ మాత్రమే. మన బస్సూ అంతే. చక్రాలు, కిటికీలు, కొలతలు నిజం బస్సువే ఉండాలి. వింత ఒక్కచోటే పెట్టాలి. అన్నిచోట్లా వింత పెడితే అది ఏమిటో ఎవరికీ తెలియదు.

కోడి తలకు కాగితం గుజ్జు వాడవచ్చు. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి చాటలు, బుట్టలు పూసే అలవాటు మనవాళ్లకు ఉన్నదే. కానీ ఉత్త గుజ్జుతో తల చేస్తే బరువై బస్సు ముందుకు తూలుతుంది. అందుకని లోపల గుల్ల ఉండాలి. కోడిగుడ్డుకు చిన్న బెజ్జం పెట్టి సొన కూరకు తీసుకుని, డొల్ల కడిగి ఆరబెట్టాలి. దాని మీద గుజ్జు పలచగా పూసి నీడలో ఆరనివ్వాలి. గుడ్డు ముందా కోడి ముందా అని పిల్లలు అడిగితే, ఈ కోడికి మాత్రం గుడ్డే ముందు! ఎర్ర గుడ్డపేలికతో జుట్టు, అట్టతో ముక్కు, ఆవగింజలు కళ్లు. తోకకు పెరట్లో రాలిన ఈకలే.

ఇట్లా వేరువేరు ముక్కలు చేసి అతకడం మన తెలుగువాళ్లకు కొత్త కాదు. విజయవాడ దగ్గర కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ల పద్ధతి అదే. తెల్ల పొణికి కర్ర చాలా తేలిక. ఎడ్లు వేరే, బండి వేరే చెక్కుతారు. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. అతుకు కనబడదు.

ఇక ప్రయాణికులు. పత్తి ఉండలు చేసి పసుపు నీళ్లలో ముంచి ఆరబెడితే కోడిపిల్లలు. కిటికీకొకటి అంటించాలి. ఒకటి రెండు పక్కకు వాలినట్టు పెడితే నిద్రపోతున్నట్టుంటాయి. మన బస్సులోనూ అట్లాగే ఉంటారు గదా! ముందు బోర్డు రెండంగుళాలు, పావు అంగుళం. అందులో ఊరి పేరు రాయాలి. ‘గంప నుంచి చెత్తకుప్ప, వయా పెరటిగోడ’. పావు అంగుళంలో ఇన్ని అక్షరాలు ఇమడ్చడం కష్టమే. ముందు విడి కాగితం మీద నాలుగుసార్లు రాసి చూసుకుని, బాగా కుదిరినదాన్ని కత్తిరించి అంటించాలి. ఒత్తులు, గుడులు కలిసిపోకుండా చూసుకోవాలి.

రంగు పిల్లలు బడిలో వాడే నీళ్ల రంగు వేస్తే చాలు. ఇంటి తలుపులకు వేసి మిగిలిన పాత డబ్బా రంగు వద్దు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. పిల్లల కడుపులోకి పోతే వాళ్ల మెదడుకు చేటు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం మీద గట్టి హద్దు 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి డబ్బాల సంగతి చెప్పలేం. ఇంకో మాట. ఆవగింజలు, పత్తి ఉండలు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఈ బస్సు ఇవ్వకూడదు. మూడేళ్లు దాటాలి.

అంతా ఆరాక బస్సును నడిపి చూడాలి. కూర్చునే పీటను ఒక పక్క ఎత్తిపెట్టి, పైనుంచి బస్సును వదలాలి. నెట్టకూడదు. తిన్నగా పోయిందా, సరే. ఒక పక్కకు తిరిగిందా, ఇరుసు వంకరగా ఉందన్నమాట. బస్సును తిరగేసి టేపు పెట్టి చూడాలి. ముందు అంచు నుంచి ఇరుసు దాకా కుడి పక్క ఒకటిన్నర ఉండి, ఎడమ పక్క ఒకటింపావే ఉంటే, అక్కడే ఉంది తేడా. జిగురు మీద తడిగుడ్డ వేసి మెత్తబడనిచ్చి, రీఫిలును సరిచేసి, మళ్లీ ఆరనివ్వాలి. రెండు పక్కలా ఒకటిన్నర వచ్చాక మళ్లీ పీట మీద నుంచి వదిలితే, కోడిపెట్ట బస్సు పిల్లలన్నిటినీ ఎక్కించుకుని తిన్నగా గడప దాకా పోయి ఆగుతుంది.